కనురెప్పల మీది సూదులు

మా ముత్తాత తండ్రి సంస్థానంలో దివాను. మా ముత్తాత ఠాణేదారు. మా తాతగారు తాలూకా బోర్డు ప్రెసిడెంటుగా చేశారు. గజపతినగరం సంతరోజున ఆయన బండి వస్తుంటే, దారిలో కూర్చున్నవాళ్ళు ఎవరూ చెప్పకుండానే గంపలు పక్కకి జరుపుకునేవారు. మా నాన్నగారికి ఏ పదవీ లేదు. విజయనగరం కోర్టుకి వెళ్ళడం, రావడం, ఇస్త్రీ పంచె నలగకుండా పడకకుర్చీలో కూర్చోవడం, అదే ఆయన జీవితం. ఆయనకి నేనొక్కర్తినే సంతానం. ఈ వరసలో ఆఖరి మనిషిని.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయదలచుకున్నది ఒక పాత కథ గురించి. విన్నవాళ్ళూ చదివినవాళ్ళూ అందరూ దాన్ని ప్రేమకథ అంటారు. నాకు మాత్రం చిన్నప్పటినుంచీ అది భయం కథ. ఆ భయానికీ మా ఇంటికీ సంబంధం ఉంది.

కథ మా నాయనమ్మ చెప్పేది, దీపాలు పెట్టే వేళ, వంటింటి వసారాలో. ఒక వర్తకుడికి ఒక్కతే కూతురు. తండ్రితో ప్రయాణంలో ఉండగా ఆ పిల్లకి దాహం వేస్తుంది. అడవిలో పాడుపడ్డ మేడ కనిపిస్తుంది. పిల్ల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళగానే తలుపు మూసుకుపోతుంది. తండ్రి బయటినుంచి ఎంత బాదినా తెరుచుకోదు. లోపల పట్టెమంచం మీద ఒక రాజకుమారుడు పడి ఉంటాడు. అరికాళ్ళ నుంచి కనురెప్పల దాకా ఒళ్ళంతా సూదులు. చచ్చాడా అంటే చావలేదు, బతికాడా అంటే కదలడు. ఆ పిల్ల నిద్రాహారాలు మాని, ఏళ్ళ తరబడి ఒక్కొక్క సూదీ తీస్తుంది. మధ్యలో కిటికీలోంచి ఒక దాసీపిల్లని తోడు కొనుక్కుంటుంది, చేతికున్న బంగారు మురుగు ఇచ్చి. అన్ని సూదులూ అయ్యాక కనురెప్పల మీద రెండే మిగులుతాయి. అతను కళ్ళు తెరిచి తనని చూసేటప్పుడు శుభ్రంగా ఉండాలని ఆ పిల్ల మేడ పెరట్లో నూతి దగ్గరికి స్నానానికి వెళుతుంది. వెళ్ళి వచ్చేలోగా దాసీ ఆ రెండు సూదులూ తీసేస్తుంది. "నన్ను బతికించింది నువ్వేనా?" అంటాడు అతను. "నేనే" అంటుంది దాసీ. అంతే. దాసీ రాణి అవుతుంది. వర్తకుడి కూతురు దాసీ అవుతుంది.

తర్వాత అతను సంతకి వెళుతూ ఎవరికేం కావాలని అడిగితే, రాణి నగలు అడుగుతుంది, ఈ పిల్ల ఊకొట్టే బొమ్మ అడుగుతుంది. వడ్లకొట్లో కూర్చుని తన గతమంతా ఆ బొమ్మకి చెప్పుకుంటూ ఉంటే, బొమ్మ ఊకొడుతుంటే, గోడవతల అతను వింటాడు. కథ సుఖాంతమే. కానీ నేనెప్పుడూ ఆ చివరిదాకా ధైర్యంగా వెళ్ళలేదు.

"ఆ సూదులు ఎవరు గుచ్చారు నాయనమ్మా?" అని అడిగేదాన్ని.

"మనవెల్లీసరికే గుచ్చున్నాయి. కతకి ముందర గుచ్చీసినారు."

"ఎందుకు గుచ్చారు?"

"ఓలమ్మ, ఊకొట్టవే అంటే పెశ్నలేటి? ఊకొట్టు."

మా ఇంట్లో ఊకొట్టేవాళ్ళు లేకుండా కథ చెప్పేవారు కాదు. మనిషి ఊకొట్టకపోతే చీకట్లోంచి ఇంకెవరో ఊకొడతారని నాయనమ్మ నమ్మకం. అందుకని నాకు నిద్ర వస్తున్నా, భయం వేస్తున్నా ఊకొడుతూనే ఉండేదాన్ని. ఒకసారి మాత్రం అడిగాను, దాసీ చెప్పిన అబద్ధాన్ని అతను ఎలా నమ్మాడని.

"కళ్ళు తెరిసినోడు ఎదర ఉన్నదాన్నే నమ్ముతాడు గానీ, నూతికాడ ఉన్నదాన్ని నమ్ముతాడేటి?" అంది.

ఆ మాట నాకు బాగా లోపలికి దిగింది. కొన్నాళ్ళపాటు ఎవరైనా నిద్రపోతుంటే ఆ గదిలోంచి బయటికి వెళ్ళడానికి జంకేదాన్ని. మా నాన్నగారు మధ్యాహ్నం పడుకుని లేచేసరికి ఎదురుగా నిలబడి ఉండేదాన్ని. "ఏమిటే, కాపలా కాస్తున్నావా?" అని విసుక్కునేవారు.

హైస్కూలుకి వచ్చాక మా ఇంటి బీరువాలో అట్టలేని ఒక కథల పుస్తకంలో అదే కథ అచ్చులో దొరికింది. నాయనమ్మ చెప్పనిది అందులో ఒకటుంది. చివర్లో దాసీని మెడదాకా పాతిపెడతారు. ఆ వాక్యం చదివి పుస్తకం మూసేశాను. నాకు జాలి కలగలేదు. అంతకాలం నేను దాసీని చూసే భయపడ్డాను కాబట్టి నిజానికి సంతోషం కలగాలి. అదీ కలగలేదు. రెండు సూదులు తీసినందుకు మెడదాకా పాతిపెట్టే ఇంట్లో, ముందు ఆ సూదులన్నీ గుచ్చినవాళ్ళ ఊసే లేదు. అది చూసే వణుకు పుట్టింది.

నా పెళ్ళి ఇల్లరికం పెళ్ళి. వరసలో మగపిల్లలు లేరు కాబట్టి అల్లుణ్ణే ఇంటికి తెచ్చుకోవడం తప్ప నాన్నగారికి వేరే దారి లేదు. నరసన్నపేట దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే మర్యాదస్తుల కుటుంబం. అబ్బాయి చదువుకున్నవాడు. తండ్రి చిన్నప్పుడే పోతే మేనమామ చదివించాడు. ఆ మేనమామకి ఒక కూతురుంది. ఆ పిల్లని ఇతనికే ఇస్తారని ఆ ఊళ్ళో అందరూ అనుకునేవారట. మా పెద్దలు వెళ్ళి మాట్లాడారు. మా ఇంటి పేరుకి ఆ రోజుల్లో ఇంకా కొంత విలువ ఉంది. సంబంధం కుదిరింది.

పెళ్ళిలో ఆ మేనమామ పందిట్లోకి రాలేదు. వీధరుగు మీద కూర్చుని, భోజనం చెయ్యకుండా సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. ఆ కూతురు మాత్రం వచ్చింది. బాగా నవ్వే పిల్ల. నా దగ్గరికొచ్చి చెవిలో అంది:

"అక్కా, మా బావ నిద్దట్లో కాళ్ళు తెగాడిస్తాడు. జాగర్త, మంచం మీంచి తోసేత్తాడు."

నేను నవ్వలేదు. ఆ విషయం తనకెలా తెలుసని మాత్రం అనుకున్నాను. ఒకే ఇంట్లో పెరిగారు కాబట్టి తెలుసు. అందులో ఏమీ లేదు. తర్వాత ఆ పిల్లకి వాళ్ళ ఊళ్ళోనే పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. అప్పుడప్పుడు జీడిపప్పు పంపేది.

మా వారికి ఆ కథ చెప్పాను, పెళ్ళయిన కొత్తలో. ఆయన గజపతినగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవారు. శ్రద్ధగా ఊకొట్టి, చివర్లో అన్నారు: "ఎంత మంచి కథ. అంత కష్టపడ్డాక కూడా, మొదటి చూపులో అతనికి అందంగా కనపడాలని స్నానానికి వెళ్ళింది చూడు. ప్రేమంటే అది కదా."

"ఆ స్నానమే కదండీ కొంప ముంచింది" అన్నాను.

"నువ్వయితే వెళ్ళవా?"

"వెళ్ళను."

ఆయన చాలాసేపు నవ్వారు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, వానాకాలంలో ఒక సాయంత్రం ఆయన కాలేజీ నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ అన్నారు: "అరికాళ్ళల్లో సూదులు గుచ్చుతున్నట్టున్నాది."

నా చేతిలో మంచినీళ్ళ గ్లాసుంది. గ్లాసు కింద పెట్టి, ఆయన కాళ్ళు పట్టుకుని చూశాను. ఏమీ లేదు. గీత కూడా లేదు.

మర్నాటికి ఆ గుచ్చడం పిక్కల్లోకి వచ్చింది. మా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే డాక్టరు ఇంటికి రావడమే గాని, మేం వెళ్ళి చీటీ రాయించుకుని బల్లల మీద కూర్చోవడం ఎప్పుడూ లేదు. నాన్నగారు పోయాక కూడా ఆ పద్ధతి నేను మార్చలేదు. గజపతినగరం డాక్టరుగారికి కబురు పంపించి ఎదురు చూశాం. ఆయన తన రోగుల్ని చూసుకుని వచ్చేసరికి ఇంకో సాయంత్రమైంది. అప్పటికి మా వారు మంచం దిగలేకపోతున్నారు. డాక్టరుగారు మోకాలి మీద చిన్న సుత్తితో తట్టారు. కాలు కదల్లేదు. రెండో కాలూ అంతే. ఆయన సుత్తి సంచిలో పెట్టుకుంటూ నా మొహం చూడకుండా, "ఇప్పుడే విజయనగరం తీసుకెళ్ళండి" అన్నారు.

నిద్రలో కాళ్ళాడించే మనిషి. కారులో ఆయన కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారంతా గతుకులే. ప్రతి గతుక్కీ ఆ కాళ్ళు మాత్రం ఎవరివో వస్తువుల్లా కదిలాయి.

విజయనగరం ఆస్పత్రిలో పెద్ద డాక్టరు అంతా విడమరిచి చెప్పారు. ఒంట్లో రోగంతో పోరాడవలసిన శక్తి పొరపాటున నరాల మీదికే తిరగబడుతుందట. కాళ్ళ దగ్గర మొదలై పైకి ఎక్కుతుంది. నడుము, చేతులు, మొహం. ఎక్కడో ఒకచోట ఆగి, మళ్ళీ నెమ్మదిగా దిగుతుంది.

"ఎక్కడ ఆగుతుంది?" అన్నాను.

"అది చెప్పలేమమ్మా. ఊపిరి దాకా వస్తే మిషన్ పెట్టాలి. అక్కడ జాగ్రత్తగా దాటించగలిగితే చాలామంది లేచి నడుస్తారు."

"దాటకపోతే?"

ఆయన కేసు కాగితం మూసి ఇంకో మాట చెప్పారు. "ఆయన మెదడుకి ఏమీ కాదు. కదలలేకపోయినా, కళ్ళు తెరవలేకపోయినా అంతా వినపడుతుంది, అంతా తెలుస్తుంది. దగ్గరుండి మాట్లాడుతూ ఉండండి."

ధైర్యం కోసమే చెప్పి ఉంటారు. నాకు మాత్రం ఆ కథే గుర్తొచ్చింది. పట్టెమంచం మీది రాజకుమారుడు ఏళ్ళ తరబడి అన్నీ వింటూ పడుకున్నాడని నేనెప్పుడూ అనుకోలేదు. తలుపు బాదిన తండ్రి కేకలు విన్నాడు. ఒక్కొక్క సూదీ తీస్తున్న పిల్ల ఏడుపు విన్నాడు. అన్నీ తెలిసి కూడా, కళ్ళు తెరిచాక "నువ్వేనా?" అని అడిగాడు.

ఆస్పత్రి కౌంటరు దగ్గర అమ్మాయి తెల్లకార్డు ఉందా అని అడిగింది. తెల్ల రేషన్‌కార్డు ఉంటే వైద్యం ఖర్చు ప్రభుత్వం చూసుకుంటుంది. మాకు లేదు. అంతకు చాలా ఏళ్ళ ముందు రెవిన్యూ మనిషి మా ఇంటికొచ్చి, "మీకూ రాసేస్తాను బాబూ, ఇప్పుడందరూ తీసుకుంటన్నారు" అన్నాడు. నాన్నగారు అతనికి కాఫీ ఇప్పించి, బియ్యం కోసం క్యూలో నిలబడే ఇల్లు కాదిది అని చెప్పి పంపేశారు. తర్వాత నేనూ అడగలేదు. అది తప్పని ఇప్పటికీ అనను. కౌంటరులో అమ్మాయికి "లేదు" అని మాత్రం చెప్పాను.

రెండు రోజులకి ఆయన మరదలు, ఆ మేనమామ కూతురు, దిగింది. అత్తగారు అప్పటికే పోయారు, మేనమామ కదలలేడు. వాళ్ళ వైపునుంచి రాదగిన మనిషి తనే. ప్లాస్టిక్ బుట్ట, అందులో రాగిపిండితో కాచిన చోడి అంబలి. వస్తూనే మంచం పక్కన నిలబడి గట్టిగా అంది:

"ఏటి బావా, కాలేజీ ఎగ్గొట్టీడానికి ఇంత నాటకమేటి?"

ఆయన నవ్వారు. సగం మొహమే నవ్వింది. రెండో సగం అలాగే ఉండిపోయింది. అంతకుముందు క్షణం దాకా మొహానికి ఏమీ కాలేదనుకుంటున్నాను. అది మొహం దాకా వచ్చేసిందని ఆ నవ్వుతోనే తెలిసింది. మరదలు నా వైపు చూసింది. ఆమె నవ్వు కూడా ఆగిపోయింది.

బయట వరండాలోకి వచ్చి అంది: "కార్డు నేదన్నారట గదక్కా?"

"లేదు."

"మాకున్నాది. ఏటి సేస్తాం, బావ పేరు దాన్లో నేదు. మీరెత్తుకుపోనారు గదా." అని, నా మొహం చూసి, "ఓలక్కా, తమాసాకన్నాను" అంది.

తమాషాకే అని ఉంటుంది. ఆ మాట నన్ను వదల్లేదు.

ఆ రోజుల్లో పొద్దున్నే డాక్టరు వచ్చి ఆయన్ని ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవారు. ఎంతదాకా లెక్కపెట్టగలిగితే ఊపిరి అంత బలంగా ఉన్నట్టు. రోజూ నిన్నటికన్నా ముందే ఆగిపోయేది. ఆయన ఆగిన చోట డాక్టరు "బాగుంది" అనేవారు. ఏమీ బాగుండలేదని ముగ్గురికీ తెలుసు.

నేను మంచం దగ్గరినుంచి కదలలేదు. మొహం కడుక్కోవడం గదిలో కుళాయి దగ్గరే. చీర మార్చుకోవడం తలుపు వెనకే.

"అక్కా, సత్రానికెల్లి తానం సేసి రా. అద్దంలో సూసుకున్నావా? నానుంటాను గదా" అనేది మరదలు.

"అవసరం లేదు."

"వాసనొస్తన్నావక్కా. బావ కదల్లేడు గానీ ముక్కు పనిసేస్తన్నాది."

ఆయన కళ్ళు నవ్వాయి. అప్పటికి ఆయనలో నవ్వగలిగినవి అవే. అయినా నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళడం లేదో ఆయనకి తెలుసు. ఈ వయసులో, ఈ చదువుతో ఒక కథకి భయపడుతున్నానని ఇంకెవరికీ చెప్పుకోలేను.

ఒక సాయంత్రం ఆయనే అడిగారు. మాట ముద్దగా వచ్చింది. "కథ చదువు. అదే."

అట్టలేని ఆ పుస్తకం ఇంటినుంచి తెప్పించి ఉంచాను. చదవడం మొదలుపెట్టాను. ఆయన ఊకొట్టారు. వర్తకుడి కూతురికి దాహం వేసింది. ఊ. మేడ కనిపించింది. ఊ. తలుపు మూసుకుంది. ఊ. చదువుతూ చదువుతూ గమనించాను. మొదట్లో ఊ అన్నప్పుడు ఛాతీలోంచి వచ్చింది. తర్వాత గొంతులోంచి. ఆ తర్వాత పెదాల దగ్గరే తయారై అక్కడే అయిపోతోంది. ఆ ఊ ఎంత పొడుగుందో అంతే ఆయన ఊపిరి. చదవడం ఆపితే డాక్టర్ని పిలవాలి. పిలిస్తే మిషన్. మిషన్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఆపకుండా చదివాను. కిటికీలోంచి దాసీని కొన్నది. ఊ. అరికాళ్ళ సూదులు అయిపోయాయి.

జవాబు రాలేదు.

నేను తల ఎత్తలేదు. మళ్ళీ అదే వాక్యం చదివాను. అరికాళ్ళ సూదులు అయిపోయాయి.

"ఊ" అని వినపడింది.

ఆయన గొంతు కాదది. మంచానికి అవతలినుంచి. నాయనమ్మ చెప్పిన ఆ ఇంకెవరో గుర్తొచ్చింది. తల ఎత్తి చూస్తే మరదలు. మంచం కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వెందుకు ఊకొట్టావు?" అని అరిచాను. ఆస్పత్రిలో నేను గొంతు పెంచింది అదొక్కసారే.

"మరెవులూ కొట్టకపోతే కత ఆగిపోద్ది గదక్కా. బావ ఇంటన్నాడు."

అప్పుడు ఆయన్ని చూశాను. రెప్పలు వాలిపోయి ఉన్నాయి. ఛాతీ కదులుతోందో లేదో తెలియడం లేదు. మరదలు అప్పటికే తలుపు తీసుకుని నర్సు కోసం పరిగెత్తింది.

ఆయన గొంతులో గొట్టం వేసి మిషన్ గదిలోకి తీసుకెళ్ళారు. ఆ గదిలో ఒక్కరినే ఉండనిచ్చేవారు. పగలంతా నేనుండేదాన్ని, మరదలు తలుపు బయట నేల మీద కూర్చునేది. మిషన్ ఊపిరి పీల్చి వదిలే చప్పుడు తప్ప ఆ గదిలో ఏమీ ఉండేది కాదు. కనురెప్పలు తెరుచుకోలేదు. రోజులు వారాలయ్యాయి.

చదవడానికి ఆ పుస్తకమొక్కటే నా దగ్గరుంది. చదివిన కథే చదివాను. ఊకొట్టేవాళ్ళు లేరు కాబట్టి మనసులోనే చదువుకున్నాను. అలా చదువుతుండగా ఒక మధ్యాహ్నం, అంతకుముందు ఎన్నడూ తోచనిది తోచింది.

తండ్రి పోయిన పిల్లవాణ్ణి మేనమామ ఇంటికి తెచ్చుకున్నాడు. చదివించాడు. ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల అతనికి అన్నం పెట్టింది, జ్వరం వస్తే తడిగుడ్డ వేసింది, నిద్రలో కాళ్ళు ఆడిస్తాడని కూడా తెలుసుకుంది. ఏళ్ళ తరబడి ఒక్కొక్క సూదీ వాళ్ళు తీశారు. కళ్ళు తెరిచే వేళకి అతని ఎదురుగా ఉన్నది నేను. మా ఇంటి పేరుతో, మా దివాను తాతతో, పందిరి నిండా దీపాలతో.

అంతకాలం నేను వర్తకుడి కూతుర్ని అనుకునే కథ చదివాను. ఒక్కతే కూతురని కథలో ఉండడం వల్ల కాబోలు, మరో అనుమానమే రాలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆయన రెప్పల కేసి చూస్తూ కూర్చున్నాను. అవి తెరుచుకోవాలని మొక్కుకుంటూనే ఉన్నాను. తెరుచుకున్నప్పుడు వాటిలో ఏం కనబడుతుందోనని మొదటిసారి భయపడ్డాను.

ఆస్పత్రికి కట్టవలసింది కట్టడానికి చేతిలో ఉన్నది అయిపోయింది. భూమి కొనడానికి ఒకాయన ముందుకొచ్చారు. మా ప్లీడరుగారు ఫోను చేసి రిజిస్ట్రేషన్ రోజు చెప్పారు. ఆ రోజు దాటితే కొనే ఆయన ఊళ్ళో ఉండరట. ఆస్తి నా పేరు మీద ఉంది కాబట్టి సంతకం నేనే పెట్టాలి.

"రిజిస్ట్రారుగారినే ఇక్కడికి రమ్మని అడగండి. మా తాతగారి రోజుల్లో కాగితాలు పట్టుకుని ఇంటికే వచ్చేవారు" అన్నాను.

"ఆ రోజులు వేరమ్మా. ఇప్పుడు మిషన్ మీద వేలిముద్ర పెట్టాలి, ఫొటో తీస్తారు. మీరే రావాలి" అన్నారు ప్లీడరుగారు.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఏదో చూసి, నన్ను పిలిచి చూపించారు. చర్మం కింద సన్నగా కదలిక. "దిగడం మొదలైంది. పైనుంచి కిందికి వస్తుంది. కళ్ళు ఇవాళో రేపో తెరుస్తారు. ఈ మిషన్ మాత్రం ఇంకా కొన్నాళ్ళు తియ్యలేం" అన్నారు.

ఇవాళో రేపో. నేను గజపతినగరం వెళ్ళి రావలసిన రోజు అదే. వెళ్ళకపోతే మిషన్ నడవదు. వెళితే కళ్ళు తెరిచేసరికి నేనుండను. తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మరదలు లేచి నా ఎదురుగా నిలబడింది.

"ఎల్లక్కా. నానుంటాను."

"కళ్ళు తెరిస్తే వెంటనే నాకు ఫోను చెయ్యి."

"అలగే." తర్వాత అడిగింది, "ఆ కత నాను సెప్పనా బావకి?"

"నీకు తెలుసా?"

"ఓసోస్, తెలవకేటి? మావూర్లో అందరూ సెప్తారు. మీ పుస్తకంలోలాగ కాదు. మా కతలో దాసీ నేదు. ఇద్దరూ అప్పసెల్లెల్లే. ఒకర్తి నీల్లకెల్తే ఇంకోర్తి కూకుంటాది."

"మరి కళ్ళ మీద సూదులు ఎవరు తీశారు?"

"ఆ టయానికి ఎవులు కూకుంటే ఆలు."

అది ఓదార్పుగా అందో, హక్కుగా అందో నాకు అర్థం కాలేదు. గదిలోకి వెళ్ళి ఆయన చెవి దగ్గర వంగి, "వెళ్ళి వస్తాను, తొందరగా వస్తాను" అన్నాను. నేను లేచిన కుర్చీలో మరదలు కూర్చుంది.

బస్సులో ఫోను గుప్పిట్లో పట్టుకునే ఉన్నాను. అది మోగలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో బల్లమీద కూర్చోబెట్టారు. నా కన్నా ముందు వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరూ గంపలు జరపలేదు, జరపమని నేను అడగలేదు. వంతు వచ్చాక వేలు మిషన్ మీద పెట్టాను. అది నా వేలిముద్ర తీసుకోలేదు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీసుకోలేదు.

"చెయ్యి చెమటగా ఉందమ్మా, తుడుచుకోండి" అన్నాడు గుమాస్తా.

కొంగుతో తుడుచుకుని పెట్టాను. అప్పటికి తీసుకుంది. ఫొటో తీసేటప్పుడు కెమెరా కేసి చూడమన్నాడు. నేను గడియారం కేసి చూస్తున్నాను.

తిరిగి ఆస్పత్రి మెట్లెక్కుతున్నప్పుడు కూడా ఫోను మోగలేదు. మోగలేదు కాబట్టి కళ్ళు తెరవలేదని ఒక మనసు, మోగలేదు కాబట్టి ఏదో జరగరానిది జరిగిందని ఇంకో మనసు. తలుపు తోశాను.

ఆయన కళ్ళు తెరిచి ఉన్నాయి.

మరదలు తడిగుడ్డతో ఆయన పెదాలు తుడుస్తోంది. నన్ను చూసి కుర్చీలోంచి లేచింది.

"ఎప్పుడు?" అన్నాను.

"నువ్వు బస్సెక్కినావో నేదో, అప్పుడే."

"ఫోనెందుకు చెయ్యలేదు? చెప్పాను కదా, చెప్పానా లేదా?"

"సేస్తే సంతకం మానీసి పరిగెట్టుకొచ్చీదానివి గదక్కా."

వచ్చేసేదాన్నే. దారిలో ఎక్కడ ఉన్నా బస్సు ఆపించుకుని దిగేసేదాన్ని.

మంచం దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళు నెమ్మదిగా నా వైపు తిరిగాయి. మొహంలో కండరాలు ఇంకా లేవలేదు. నవ్వో, నిష్ఠూరమో, అలసటో ఆ మొహం చెప్పదు. కళ్ళు మాత్రం నన్ను చూస్తున్నాయి. ఎంతసేపు చూశారో నేను చెప్పలేను. మరదలు బుట్ట సర్దుకుని, "నాను టీ తాగొత్తాను" అని బయటికి వెళ్ళిపోయింది.

ఆయన బతికారు. మిషన్ తీసేశాక మాట వచ్చింది, తర్వాత చేతులు, ఆ తర్వాత కాళ్ళు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తారు, మళ్ళీ పాఠాలు చెబుతున్నారు. మరదలు ఏడాదికోసారి వస్తుంది, పెద్దగా నవ్వుతుంది, వెళుతుంది. ఆ రోజు కళ్ళు తెరవగానే ఎవరిని చూశారో, చూసి ఏమనుకున్నారో నేను ఆయన్ని అడగలేదు. అడిగితే చెబుతారు, అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే అడగలేదు.

ఆ రోజు నేను వేలిముద్ర వేసి అమ్మినది చంపావతి ఏటి ఒడ్డున మాకు మిగిలిన ఆఖరి పల్లం భూమి, గట్టు మీది తాటిచెట్లతో సహా.